పంది ఈసుకుపోతే (కడుపు పోతే) ఆశా అక్కకు ఎందుకు చెప్పాలి?

(ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలిమెలలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. చంటిపిల్లలతో వచ్చిన అమ్మలు కిటికీ పక్కన కూర్చోండి, గాలి తగులుతుంది.

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు ఒకాయన అన్నారు, "మీరు పశువుల డాక్టరు కదండీ, పిల్లల జ్వరాల గురించి మీరేం చెబుతారు?" అని. న్యాయమైన ప్రశ్నే. నా సర్వీసంతా ఆవులు, మేకలు, పందులు, కోళ్ళతోనే గడిచింది. పిల్లలకు మందు రాయడం నా పని కాదు, రాయను కూడా. కానీ దోమ మోసుకొచ్చే వైరస్ జబ్బుల్లో కొన్ని ముందు పశువులో, పక్షిలో పెరిగి, ఆ తర్వాత పిల్లాడి దగ్గర బయటపడతాయి. పశువు దగ్గర కనిపించిన సంగతి పిల్లల డాక్టరుకు చేరదు. పిల్లాడి రక్తంలో తేలిన సంగతి పశువుల ఆసుపత్రికి చేరదు. రెండు ఆసుపత్రులూ ఒకే రోడ్డు మీద ఉంటాయి, అయినా చేరదు. ఆ రెంటినీ కలపగలిగింది మీరే. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

ముందు మెదడువాపు గురించి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అంటారు, ఆసుపత్రుల్లో జేఈ అంటారు. మన దేశంలో 1955లో తమిళనాడులో మొదట గుర్తించారు. ఈ వైరస్ ఎక్కడ బతుకుతుంది? మనిషిలో కాదు. తెల్ల కొంగల్లో, గుడ్డి కొంగల్లో బతుకుతుంది. దమ్ము చేసిన పొలంలో కొంగలు ఎలా దిగుతాయో మీకు నేను చెప్పాలా? అదే పొలంలో, అదే నిలవ నీటిలో క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. పొట్టేరు కాలువ నీళ్ళు వచ్చాక మన దగ్గర రెండో పంట కూడా వరే వేస్తున్నాం. పంట మంచిదే, వద్దనను. కానీ నీళ్ళు నిలిచే రోజులు పెరిగాయి, దోమకు అదనంగా రోజులు దొరికాయి.

ఆ దోమ కొంగను కుడుతుంది, తర్వాత పందిని కుడుతుంది. పందిలో ఏమవుతుందో జాగ్రత్తగా వినండి. పంది రక్తంలో వైరస్ రెండు మూడు రోజుల్లోనే విపరీతంగా పెరుగుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఆ పందిని కుట్టిన దోమల్లో చాలా వాటికి వైరస్ అంటుకుంటుంది. ఆ దోమ మనల్ని కుడితే మనకు వస్తుంది. మరి మన నుంచి ఇంకొకరికి వస్తుందా? రాదు. మన రక్తంలో వైరస్ అంతగా పెరగదు, మనల్ని కుట్టిన దోమకు అది అంటదు. అంటే జేఈ వచ్చిన పిల్లాణ్ణి వెలివేయాల్సిన పని లేదు. పక్కన పడుకోబెట్టుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. అంటుకుంటుందని వేరే పాకలో పడుకోబెట్టిన ఇళ్ళు నేను చూశాను, అందుకే నొక్కి చెబుతున్నాను. రాదు.

ఆవుల సంగతి అడుగుతారు. ఈ దోమకు ఆవు రక్తమంటే ఇష్టమే. కానీ ఆవులో వైరస్ దాదాపు పెరగదు. కొంగ, పంది, ఈ రెండే ముఖ్యం.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఈ వైరస్ సోకిన 250 మందిలో ఒకరికే మెదడు దాకా వెళ్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిగతావాళ్ళకు చిన్న జ్వరం, లేదా ఏమీ తెలియదు. "అయితే భయం లేదు కదా" అనుకోకండి. మెదడు దాకా వెళ్ళిన పిల్లల్లో నూటికి 30 మంది వరకూ చనిపోవచ్చు. బతికినవాళ్ళలో 20 నుంచి 30 శాతం మందికి మాట పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం, ఫిట్స్ ఉండిపోవడం జరుగుతుంది. ఈ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. ఇంకోలా చూడండి, ఒక ఊళ్ళో ఒక పిల్లాడికి జేఈ తేలిందంటే, అప్పటికే ఆ చుట్టుపక్కల ఎంతమందికి సోకి ఉంటుంది? ఎన్ని పందుల్లో తిరిగి ఉంటుంది? పిల్లాడు పడిపోయేదాకా మనకెవరికీ తెలియలేదన్న మాట.

మరి ముందే తెలిసే దారి ఉందా? ఉంది. పందుల పాకలో ఉంది.

పందికి జేఈ వస్తే పైకి కనిపించదు. తింటుంది, తిరుగుతుంది. కానీ చూలు పంది అయితే కథ వేరు. ఇక్కడికి దగ్గర్లోనే ఒక పాకలో చూసింది చెబుతాను. పంది నెలలు నిండాకే ఈనింది. మొదటిది నా వేలంత ఉంది, నల్లగా ఎండిపోయి తోలు ముక్కలా ఉంది. రెండోది అరచెయ్యంత, ముదురు గోధుమ రంగు. తర్వాత రెండు పూర్తిగా పెరిగినవే, చచ్చి పుట్టాయి, ఒకదాని తల ఉబ్బి ఉంది. చివరిది బతికే ఉంది, కానీ కాళ్ళు వణుకుతున్నాయి, చనుకట్టు దగ్గరికి పోలేకపోయింది. ఒకే ఈతలో ఇన్ని సైజులు ఎందుకొచ్చాయి? వైరస్ కడుపులో ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు మెల్లగా పాకుతుంది. ముందు సోకింది ముందే చచ్చి అక్కడే ఎండిపోతుంది. ఆ ఇంటి ఆమె, "దిష్టి తగిలిందయ్యా, గొయ్యి తీసి పూడ్చేస్తున్నాం" అంది.

ఇది జేఈ అని నేను చూసి చెప్పగలనా? చెప్పలేను. పార్వో వైరస్ వచ్చినా ఇలాగే ఎండిన పిల్లలు పుడతాయి. బ్రూసెల్లా, లెప్టోస్పైరా అనే బాక్టీరియా వచ్చినా పంది ఈసుకుపోతుంది. ఏదన్నది ల్యాబే చెప్పాలి. అందుకే మీరు చేయాల్సింది ఇది. చచ్చి పుట్టినదాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, కుక్కలకు వేయొద్దు. ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఇంకో సంచిలో వేసి, ఐస్ దొరికితే ఐస్‌లో పెట్టి పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. పిండం మెదడు నుంచి పీసీఆర్ పరీక్ష చేసి వైరస్ ఉందేమో చూస్తారు, తల్లి పంది రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవి, ఉన్నాయేమో చూస్తారు. అదే రోజు మీ ఊరి ఆశా అక్కకు కూడా చెప్పండి. "మా పంది ఈసుకుపోయింది, పిల్లలు ఎండిపోయి పుట్టాయి" అనండి చాలు. ఆమె ఆ నెలలో ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఇంకాస్త జాగ్రత్తగా చూస్తుంది. ఏ పిల్లాడికి జేఈ టీకా పడలేదో వెతుకుతుంది.

ఇది నా సొంత ఊహ కాదు. 2022లో ఆస్ట్రేలియాలో జేఈ బయటపడింది ఎక్కడ? పందుల ఫారాల్లో. పిల్లలు చచ్చి పుడుతున్నాయి, వణుకుతున్నాయి అని రైతులు చెప్తే పరీక్షించారు, జేఈ అని తేలింది. ఆ వెంటనే మనుషుల్లో కేసులు దొరికాయి.

అంతకంటే పెద్ద పాఠం 1999లో న్యూయార్క్‌లో జరిగింది. ఆ వేసవి చివర ముసలివాళ్ళకు మెదడువాపు జ్వరాలు వచ్చాయి. రక్తం పరీక్షించి సెయింట్ లూయీ ఎన్‌సెఫలైటిస్ అని ప్రకటించారు. అదీ దోమ జబ్బే. అదే సమయంలో ఊరంతా కాకులు రాలిపోతున్నాయి. బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు చచ్చిపోతున్నాయి. ఆ జూలో పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారా ఒక మాట పట్టుకున్నారు. సెయింట్ లూయీ జబ్బుతో పక్షులు చావవు కదా, మరి ఇవెందుకు చస్తున్నాయి? మనుషులకూ పక్షులకూ వచ్చింది ఒకటే అయితే, ఆ పేరు తప్పు అయి ఉండాలి. కొన్ని వారాల తర్వాత ఆమె అనుమానమే నిజమైంది. అది వెస్ట్‌నైల్ వైరస్. అంతకుముందు అమెరికా ఖండంలో ఎప్పుడూ కనిపించలేదు. అంత పెద్ద ల్యాబులు ఎందుకు పొరబడ్డాయి? ఈ రెండు వైరస్‌లూ ఒకే కుటుంబం. ఒకదానికి పుట్టిన యాంటీబాడీ ఇంకోదాని పరీక్షలోనూ పాజిటివ్ చూపిస్తుంది. మన జేఈ, డెంగీ కూడా ఆ కుటుంబంవే. డెంగీ వచ్చిన మనిషి రక్తం జేఈ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అందుకే డాక్టరు రెండూ చేయించమంటే "డబ్బు గుంజుతున్నాడు" అనుకోకండి.

ఇక మన సొంత గాయం దగ్గరికి వద్దాం. 2016. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మరచిపోయినవాళ్ళు ఉండరు. మన జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయారు. చాలామంది కోయ ఇళ్ళ పిల్లలు. రాత్రి బాగానే పడుకున్న పిల్లాడు తెల్లారేసరికి ఫిట్స్‌తో, వాంతులతో, తెలివి లేకుండా. మెదడువాపు అన్నారు, జేఈ అన్నారు. కొందరు పిల్లల్లో జేఈ నిజంగానే తేలింది. వెంటనే పందుల మీద పడ్డారు. ఊళ్ళలోంచి పందుల్ని దూరంగా తరిమారు. పందులే ఆస్తిగా ఉన్న ఇళ్ళు దెబ్బతిన్నాయి.

కానీ లెక్క కుదరలేదు. చాలామంది పిల్లల్లో జేఈ తేలలేదు. వెల్లూరు నుంచి వచ్చిన వైరస్ నిపుణుడు డాక్టర్ జేకబ్ జాన్, ఆయనతో ఉన్న బృందం పిల్లల్ని చూసి ఒక ప్రశ్న వేశారు. మెదడువాపు వైరస్ అయితే ఇంత వేగంగా, గంటల్లో ఎందుకు పోతున్నారు? కాలేయం ఎందుకు దెబ్బతింటోంది? రక్తంలో చక్కెర ఎందుకు పడిపోతోంది? పిల్లలు ఏం తిన్నారని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ఇక్కడ ఒడియాలో బణచకుండా అంటారు, మనం కసింద అంటాం. పసుపు పూలు, సన్నటి కాయలు, దిబ్బల మీద, బాటల పక్కన మొలుస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కాయ కాస్తుంది. ఆడుకుంటూ ఆకలేసి పిల్లలు ఆ గింజలు నమిలారు. అందులో ఆంత్రాక్వినోన్ అనే విషం ఉంటుంది. చాలామంది పిల్లల చావుకు అదే కారణమని ఆ బృందం తేల్చింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కూడా అంతకు కొన్నేళ్ళ ముందు ఇదే మొక్క వల్ల ఇలాగే పిల్లలు పోయారు, అక్కడా మొదట వైరస్ అనే అనుకున్నారు.

ఇది ఎందుకింత సేపు చెబుతున్నాను? జేఈ అబద్ధం అని కాదు. జేఈ ఉంది, మన పొలాల్లో ఉంది, కొంతమంది పిల్లల్ని తీసుకుపోయింది. కానీ పేరు ముందే ఖాయం చేసుకుంటే పందుల్ని తరుముతాం, పక్కనే ఉన్న కసింద మొక్కను పీకం. ఇప్పటికీ బడి వెనకాల కసింద మొలిచి ఉంది, వచ్చేటప్పుడు చూశాను. మాస్టారూ, కాయ కాయకముందే పీకించండి. ఫిట్స్‌తో వచ్చిన పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు సంగతులు డాక్టరు అడగకపోయినా చెప్పండి. నిన్నా మొన్నా ఏం తిన్నాడు? ఇంట్లో, పక్కింట్లో పశువులు, పందులు ఎలా ఉన్నాయి?

ఇప్పుడు జ్వరం. మన జిల్లాలో జ్వరం వస్తే మొదటి పరీక్ష మలేరియా. అది వైరస్ కాదు, కానీ ఫాల్సిపారం మలేరియా మెదడుకెక్కితే మెదడువాపులాగే ఉంటుంది. దానికి మందు ఉంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఆశా అక్క దగ్గర కార్డు పరీక్ష ఉంటుంది, వేలి మీద ఒక్క చుక్క చాలు. జ్వరం వచ్చిన రోజే చేయించండి. నెగటివ్ వచ్చిందని ఇంట్లో కూర్చోకండి. జ్వరంతో పాటు పిల్లాడు పిలిస్తే పలకకపోయినా, మత్తుగా ఉన్నా, తల్లిని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా ఇక ఒక్క గంట కూడా ఆగొద్దు. పూజలు చేసే వడ్డె దగ్గరికి తర్వాత వెళ్ళండి, ఆయన్ని తక్కువ చేయడం లేదు. ముందు 108.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ బయటికి పోతుంది. ఆసుపత్రిలో ముందు గ్లూకోజ్ చూడమని అడగండి.

తర్వాత డాక్టరు నడుములోంచి నీరు తీయాలంటారు. అక్కడే చాలామంది తల్లిదండ్రులు భయపడి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చేస్తారు. కాళ్ళు పడిపోతాయని ఎవరో చెబుతారు. సూది గుచ్చేది వెన్నుపాము ఆగిపోయిన చోటుకు కింద. తీసేది కొన్ని చుక్కలు. జేఈని నమ్మకంగా చెప్పేది ఆ నీరే, అందులో ఐజీఎం, అంటే కొత్తగా సోకినప్పుడు ముందు తయారయ్యే యాంటీబాడీ, వెతుకుతారు. రక్తంలోనూ వెతుకుతారు, కానీ జబ్బు మొదలైన మొదటి రోజుల్లో అది తయారై ఉండకపోవచ్చు. నీటిలో నాలుగో రోజుకు, రక్తంలో ఏడో రోజుకు చాలామందిలో కనిపిస్తుంది. మొదటి రోజు నెగటివ్ వస్తే జేఈ కాదని కాదు, వారం పది రోజుల తర్వాత మళ్ళీ తీయాలి. పిల్లాడు కోలుకున్నాడు కదా అని రెండోసారి రాకపోతే ఆ కేసు పేరు లేకుండానే మిగిలిపోతుంది. పేరు లేకపోతే మీ ఊరికి ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

డెంగీకి రోజుల లెక్క ఇంకోలా ఉంటుంది. మొదటి అయిదు రోజుల్లో వైరస్ ముక్కనే వెతికే ఎన్ఎస్1 పరీక్ష, అయిదు రోజులు దాటాక ఐజీఎం. మొదటి రోజే ఐజీఎం చేయించి "డెంగీ లేదు" అనుకుంటే మోసపోతాం. జ్వరం తగ్గాక "గండం గడిచింది" అనుకుంటాం, డెంగీలో ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, ఒళ్ళు చల్లబడి నీరసం, ఇందులో ఏదున్నా ఆసుపత్రి. ఇంకో మాట, ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు, బ్రూఫిన్ మింగొద్దు. రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే.

పశువుల గురించి చిన్న మాట. లంపీ చర్మ వ్యాధి మన దేశంలో మొట్టమొదట కనిపించింది మన ఒడిశాలోనే, 2019లో. ఒంటి నిండా గడ్డలు, జ్వరం, కాళ్ళ వాపు. దోమలు, జోరీగలు, పిడుదులు నోటితో, ముల్లుతో మోసుకెళ్తాయి. మనుషులకు రాదు. అనుమానం వస్తే గడ్డ మీది పక్కు తీసి పరీక్షకు పంపుతారు. జబ్బు పశువును సంతకు తోలొద్దు, దోమతెర కట్టిన కొట్టంలో విడిగా కట్టండి. పది పశువులకు ఒకే సూదితో టీకా వేస్తుంటే అడ్డుపడండి, ఆ పని దోమకంటే బాగా సూదే చేస్తుంది. నాటు కోళ్ళకు జుట్టు మీద, కళ్ళ చుట్టూ పొక్కులు వస్తే అమ్మవారు అంటాం. అదీ వైరస్సే, దోమ మోసేదే. దానికీ టీకా ఉంది.

ఇక ఆపడం. మనిషికి మొదటిది టీకా. 2005లో గోరఖ్‌పూర్ వైపు వెయ్యిమందికి పైగా పోయాక, 2006 నుంచి మన దేశంలో జేఈ ఎక్కువగా వచ్చే జిల్లాల్లో టీకా ఇస్తున్నారు. కర్ణాటకలోని కోలార్‌లో ఒక రోగి నుంచి తీసిన వైరస్‌తో హైదరాబాద్‌లో తయారైన టీకా 2013లో వచ్చింది. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో పాటు ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఉచితం. మొదటిది వేయించి రెండోది వదిలేసేవాళ్ళే ఎక్కువ. మిర్చి కోతకు అటు తెలుగు జిల్లాలకు వలస వెళ్ళినప్పుడు కార్డు పెట్టెలో వదిలేసి వెళ్తారు. కార్డు మీతో తీసుకెళ్ళండి. అక్కడి సెంటర్‌లో కూడా అడిగి చూడండి.

పందుల్ని అమ్మేయమని నేను చెప్పను. ఇంటి గోడకు ఆనించి పాక వేయకండి, వీలైనంత దూరంగా, గాలి పోయే పక్కన వేయండి. ఈ దోమ సంధ్యవేళ నుంచి రాత్రంతా, ఎక్కువగా ఆరుబయట కుడుతుంది. పాకకు పొద్దు గూకకముందే తెర దించండి. వర్షాలప్పుడు మూడు నాలుగు నెలల వయసు పంది పిల్లలే ఎక్కువ ప్రమాదం, తల్లి పాలతో వచ్చిన రక్షణ అప్పటికి పోతుంది. తెర తక్కువుంటే ముందు వాటికే కట్టండి. పొలంలో కొన్ని రోజులకోసారి నీరు తీసి ఆరబెట్టి మళ్ళీ పెట్టడం కుదిరితే చేయండి, లార్వా చస్తుంది, నీరూ మిగులుతుంది. మందు పూసిన దోమతెర చేపలు పట్టడానికి కాదు, అమ్మా. ఆరుబయట మంచం వేసుకున్నా దాని కిందే పడుకోండి.

డెంగీ దోమ పొలంలో పుట్టదు, మీ ఇంటి డ్రమ్ములో పుడుతుంది, పగలు కుడుతుంది. నీళ్ళు ఒంపేస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు అతుక్కుని ఉంటాయి, నల్లటి నలుసుల్లా. ఎండినా నెలల తరబడి చావవు, నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. వారానికోసారి డ్రమ్ము వంచి, కొబ్బరి పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్ది, ఎండలో బోర్లించండి. తర్వాత మూత, లేదా పాత చీర కట్టండి.

ఆశా అక్కలు ముగ్గురు ఇక్కడున్నారు, పశువుల ఆసుపత్రి సహాయకుడు స్టాక్‌మ్యాన్ కూడా వచ్చారు. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉందా? లేదు కదా. మీరు నలుగురూ ఇప్పుడే ఇక్కడే రాసుకోండి, మేం ఆగుతాం. ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను. ముందు ఆ చివర చెయ్యెత్తిన అమ్మ అడగండి.